బాలింతల వార్డులో వాము నీళ్ళు

మొన్న మిరప కోతల రోజుల్లో ప్రత్తిపాడు అవతల మా చిన్నాన్న కొడుకు ఇంట్లో ప్రార్థన కూటం ఉంటే వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటో అబ్బాయిని పాత ఆస్పత్రి దగ్గర కాసేపు ఆపమన్నాను. "ఇక్కడ ఆస్పత్రేంది మామ్మా, అది మిరపకాయల గోడౌను గదా" అని నవ్వాడు. నిజమే, గేటు మీద పేరు ఎప్పుడో చెరిపేశారు. కాపలా మనిషి ఏమనుకున్నాడో, లోపలికి పోనిచ్చాడు. ఒకప్పుడు బాలింతలు పడుకున్న పొడుగాటి రేకుల గదిలో ఇప్పుడు కప్పు దాకా మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు పేర్చి ఉన్నాయి. ఘాటుకు తుమ్ములు ఆగలేదు. కిటికీలు మాత్రం అవే. పడమటి వైపు చివరి కిటికీ కింద నా మంచం ఉండేది. నేనూ, నా పెద్దకూతురూ ఆ కిటికీ కింద చావు అంచు దాకా పోయి వెనక్కి వచ్చాం. ఆ సంగతి పిల్లలకు ముక్కలు ముక్కలుగా చెప్పానే గానీ మొదటినుంచీ చివరిదాకా ఎప్పుడూ చెప్పలేదు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. మా పేట చర్చి వరండాలో సాయంత్రం బడి పెట్టినప్పుడు, చిన్న పిల్లలు చూసి నవ్వుతుంటే పలక పట్టుకున్నాను. అంతకుముందు బతుకంతా నాకు ఏ సంవత్సరంలో ఏం జరిగిందో వరసగా తెలియదు. ఎనభైల్లో అని మాత్రం చెప్పగలను. చదువు లేనివాళ్ళకు రోజులు వాసనలతో గుర్తుంటాయి. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు తగిలేది ఎండు మిరపకాయల ఘాటు, ఆ తర్వాత వెల్లుల్లి, ఆ తర్వాత ఆస్పత్రి గచ్చు కడిగే ఫినాయిలు.

మా అమ్మ పొద్దు పొడవకముందే సద్దన్నం మూట కట్టుకొని కల్లానికి పోయేది. కల్లంలో ఎర్రటి దుప్పటి పరిచినట్టు కాయలు ఆరబోసి ఉంటే, ఆడవాళ్ళు వరసగా కూర్చొని తెల్లబారిన తాలు కాయలు ఏరేవాళ్ళు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చేతులు మంట, కళ్ళు మంట, జుట్టంతా ఘాటు. ఇంట్లో పసిపిల్ల ఉంటే ముందు చేతులకు నూనె రాసుకోవాలి, తర్వాత కుంకుడు రసంతో తోముకోవాలి. అప్పటిదాకా పిల్లను ముట్టుకోనిచ్చేది కాదు మా అమ్మమ్మ. ఆమె పేరు అన్నమ్మ. బుగ్గలో ఎప్పుడూ పొగాకు కాడ ఉండేది. పొద్దున్నే గోడవైపు తిరిగి మోకరించి, దేవుడితో కూడా కాస్త గద్దించినట్టే మాట్లాడేది. "అడిగినంత అడిగాను, ఇహ నీ ఇష్టం" అని లేచేది. ఇంట్లో అందరం ఆమె మాట మీద నడిచేవాళ్ళం.

నా మొదటి కాన్పు ఎండలు ముదిరాక వచ్చింది. మా ఆయన అప్పుడు చీమకుర్తి రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు, కబురు అందడానికే నాలుగు రోజులు పట్టేది. ఇంట్లో కాన్పు కష్టమైతే ఎడ్లబండి మీద ఆ ఆస్పత్రికి తీసుకుపోయారు. కత్తిరించి కుట్లు వేశారు గానీ బిడ్డ క్షేమంగా పుట్టింది. అమ్మ పని మానితే ఇల్లు గడవదు కాబట్టి నా దగ్గర అమ్మమ్మ ఉంది. వస్తూ వస్తూ బాలింత సామానంతా తెచ్చింది: పాత బియ్యం, వెల్లుల్లి కారం, శొంఠి బెల్లం వేసి చేసిన కాయం, తలకు గట్టిగా కట్టడానికి పాత పంచె. ఆస్పత్రి వెనక పొయ్యిలు ఉండేవి. ఎవరి వంట వాళ్ళు చేసుకునేవాళ్ళం. మధ్యాహ్నం పూట ఆ పొగ, వెల్లుల్లి వాసన కలిసి వార్డులోకి వచ్చేవి.

ఆ రోజుల్లో బాలింతకు నీళ్ళు పోయకూడదు. ఇప్పటి పిల్లలు నమ్మరు. అన్నంలో నెయ్యి, కారప్పొడి పెడతారు గానీ నీళ్ళు అడిగితే తడిగుడ్డతో పెదాలు తుడుస్తారు. ఒళ్ళు పచ్చిగా ఉంది, నీళ్ళు తాగితే పొట్ట ఉబ్బుద్ది, వాతం కమ్ముద్ది, పాలు పలచబడిపోతాయి అనేవాళ్ళు. ఇది మా ఒక్క పేటలో మాట కాదు. నా పక్క మంచం మీద ఒక మోతుబరి రైతు ఇంటి అమ్మాయి ఉండేది. ఆమె తల్లి వెంకాయమ్మగారు మా గ్లాసు వాళ్ళ గ్లాసుకు తగలకుండా మధ్యలో పీట అడ్డం పెట్టుకుంది. కానీ బాలింతకు నీళ్ళు పోయకూడదన్న దగ్గర ఆమెదీ అమ్మమ్మదీ ఒకటే మాట. "మీ పిల్ల ఏడుస్తోందా నీళ్ళకి?" అని ఆమె అడిగితే, "ఏడవనీండమ్మా, మనం ఏడవలేదా ఏంది" అని అమ్మమ్మ అనేది. పీట అటూ ఇటూ కూర్చొని ఇద్దరూ తలలూపుకునేవాళ్ళు.

కిటికీ బయట కుళాయి ఉండేది. దాని కింద ఎవరైనా బొక్కెన పెడితే, ముందు గట్టిగా, నిండే కొద్దీ మెత్తగా చప్పుడు వచ్చేది. నేను కళ్ళు మూసుకొని ఆ చప్పుడు వినేదాన్ని. కుళాయి కింద గుంటలో కాకి దిగి ముక్కు ముంచి పైకెత్తి తాగేది. ఆ కాకి మీద నాకు పుట్టినంత కుళ్ళు మళ్ళీ జన్మలో ఎవరి మీదా పుట్టలేదు.

ఆస్పత్రికి ఒక పెద్ద డాక్టరమ్మ ఉండేది. సన్నగా, పొడుగ్గా, తెల్ల చీరలో ఉండేది. నడక చూసి టైము చెప్పొచ్చు కాబట్టి ఊళ్ళో వాళ్ళు గడియారం డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆ ఏడాది ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి గుంటూరు నుంచి హౌస్ సర్జన్లను పంపారు. మేం చిన్న డాక్టర్లు అనేవాళ్ళం. వాళ్ళలో నాకు గుర్తున్నది ఇద్దరు. ప్రభాకర్ అని కళ్ళద్దాల అబ్బాయి, విమల అని నా కంటే నాలుగైదేళ్ళు పెద్ద అమ్మాయి. పొద్దున్నే పెద్ద డాక్టరమ్మ ముందు, వాళ్ళు వెనక వచ్చేవాళ్ళు. నా కాళ్ళ దగ్గర నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళు. నా గురించే అని తెలిసేది, ఏమిటో తెలిసేది కాదు. చివర్లో పెద్ద డాక్టరమ్మ తెలుగులో ఒకే మాట అడిగేది:

"నీళ్ళు బాగా తాగుతోందా?"

"తాగుతోంది తల్లీ, చెంబులకు చెంబులు" అనేది అమ్మమ్మ, చేతులు కట్టుకొని.

"మంచిది. ఈ మాత్రలకి నీళ్ళు ఎక్కువ తాగాలి." ప్రభాకర్ రాసుకునేవాడు. వాళ్ళు పక్క మంచానికి పోయేవాళ్ళు. వెంకాయమ్మగారు కూడా అదే జవాబు చెప్పేది. డాక్టరమ్మకు ఎదురు చెబితే మర్యాద కాదు. ఆమె చెప్పినట్టు చేస్తే బిడ్డ దక్కదని భయం. అందుకని నోటితో ఆమె మాట, చేత్తో మన పద్ధతి. అమ్మమ్మ దృష్టిలో అది అబద్ధం కాదు, రెండు వైపులా మర్యాద నిలపడం.

నాకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. మాత్రలు మార్చారు, పెద్దవి ఇచ్చారు. అమ్మమ్మ వాటిని గుక్కెడు వేణ్ణీళ్ళతో మింగించేది. మూత్రం రావడం తగ్గిపోయింది, వచ్చిన నాలుగు చుక్కలకే ప్రాణం పోయేది. పాలు ఎండిపోయాయి. పిల్ల మొదట్లో గుక్కపట్టి ఏడ్చేది. తర్వాత ఏడుపు సన్నబడింది, తర్వాత ఊరికే పెదాలు కదిపేది. పిల్ల ఒళ్ళు పసుపుపచ్చగా మారింది. ఒక పొద్దున పెద్ద డాక్టరమ్మ నా కళ్ళ కింది రెప్ప లాగి చూసి, ఈసారి తెలుగులోనే చెప్పింది. "సాయంత్రానికి మూత్రం రాకపోతే జీపులో గుంటూరు పంపించాలి. ఇక్కడ నా చేతుల్లో లేదు." ప్రభాకర్ సెలైను ఎక్కించబోయాడు గానీ నరం దొరకలేదు. రెండు చేతులూ పొడిచి చెమటలు తుడుచుకున్నాడు.

గుంటూరు అనగానే అమ్మమ్మ కూలబడింది. మా పేట నుంచి గుంటూరు పెద్దాస్పత్రికి పోయినవాళ్ళు చివరి ఘడియల్లో పోయేవాళ్ళు, కాబట్టి తిరిగి వచ్చేవాళ్ళు తక్కువ. పిల్లను ఒళ్ళో వేసుకొని గోడవైపు తిరిగింది. ఆ రోజు దేవుణ్ణి గద్దించలేదు.

మధ్యాహ్నం విమల ఒక్కతే వచ్చింది. ఎండలో క్వార్టర్ల నుంచి నడిచి వచ్చినట్టుంది, ముఖం కందిపోయింది. నా చెయ్యి పట్టుకొని నాడి చూసి, మంచం పక్కన గచ్చు మీద చతికిలబడింది. డాక్టరు కింద కూర్చోవడం ఎవరమూ చూడలేదు. పొయ్యి దగ్గర్నుంచి వచ్చిన వెంకాయమ్మగారు గరిటె పట్టుకొనే ఆగిపోయింది.

"అబ్బ, ఏం ఎండ. మామ్మా, కాసిని మంచినీళ్ళు ఇయ్యి" అంది విమల.

అమ్మమ్మ బిత్తరపోయింది. "మా నీళ్ళా తల్లీ? మీరు తాగుతారా?"

"దాహమేస్తే ఎవరివైతే ఏంటి, ఇయ్యి మామ్మా."

అమ్మమ్మ చెంబు తీసింది. చెంబు బోర్లించి ఉంది. లోపల సాలీడు గూడు పెట్టుకుంది. గ్లాసు కూడా ఎండి తళతళలాడుతోంది. చెంబులకు చెంబులు తాగుతున్న మనిషి మంచం దగ్గర ఒక్క నీటి చుక్క లేదు. అమ్మమ్మ చెంబు పట్టుకొని అట్టాగే నిలబడింది. విమల చెంబు వైపు చూసింది, అమ్మమ్మ వైపు చూసింది, పక్క మంచం కింద బోర్లించిన ఇత్తడి చెంబు వైపు చూసింది. వెంకాయమ్మగారు చప్పున కొంగుతో దాన్ని కప్పింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నుదురు మీద అరచేత్తో కొట్టుకుంది. "అయ్యో నా బుద్ధి! మా వదిననీ ఇట్టాగే నీళ్ళు పొయ్యకుండా ఎండబెట్టారు మా అమ్మ వాళ్ళు, కందుకూరులో. ఇంటి దగ్గర కళ్ళారా చూశాను. ఈ కోటు తొడుక్కోగానే మర్చిపోయాను." తర్వాత నా వైపు తిరిగింది. "నీకు దాహంగా ఉందా?"

ఆ ఆస్పత్రిలో చేరినప్పటి నుంచీ నన్ను ఎవరైనా నేరుగా అడిగిన మొదటి మాట అది. అప్పటిదాకా అన్నీ అమ్మమ్మను అడిగారు. జవాబు చెప్పబోతే నాలుక అంగిలికి అంటుకుపోయి మాట రాలేదు. తల ఊపాను. ఏడుద్దామంటే కళ్ళల్లో నీళ్ళు కూడా లేవు.

"మామ్మా, ఎందుకు పొయ్యట్లేదు? నిజం చెప్పు, నేనేమీ అనను."

అమ్మమ్మ చెంబు కింద పెట్టింది. తర్వాత నేను ఎన్నడూ వినని సంగతి చెప్పింది. "నా చిన్నకూతురు ఉండేది తల్లీ, ఏసమ్మ అని. దీని పిన్ని. కాన్పై పడుకొని ఉంటే దాని ఏడుపు చూడలేక నేనే చెంబెడు నీళ్ళు పోశాను. తెల్లారేసరికి ముఖం, కాళ్ళు, ఒళ్ళంతా వాచిపోయింది. ఫిట్స్ వచ్చి ప్రాణం పోయింది. నా చేత్తో పోశాను. మళ్ళీ పొయ్యమంటావా?"

విమల పుస్తకంలో మాటలేమీ చెప్పలేదు. "ముఖం వాపు కాన్పుకు ముందు నుంచీ ఉందా మామ్మా? తలనొప్పి అనేదా?" అని నెమ్మదిగా అడిగింది. అమ్మమ్మ ఆలోచించి, ఉందని ఒప్పుకుంది. వేళ్ళకు ఉంగరం పట్టలేదని, కళ్ళు మసకలని అనేదని చెప్పింది. "అయితే అది వేరే జబ్బు. నీళ్ళు తాగక ముందే వచ్చింది. నీ చెయ్యి చేసింది కాదు" అంది విమల. అమ్మమ్మ నమ్మిందో లేదో తెలియదు గానీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సరే, పచ్చినీళ్ళు వద్దులే" అంది విమల. "వాము వేసి కాచిన వేణ్ణీళ్ళు పోస్తారా మీలో?"

"వాము నీళ్ళా? అయి నీళ్ళు ఎట్టా అవుతాయి తల్లీ, అది మందుగా! ఉగ్గుగిన్నెడు పోస్తాం."

"నాకు కావాల్సింది ఆ మందే. గిన్నెడు చాలదు, సాయంత్రం దాకా పోస్తూనే ఉండాలి."

"మందు ఎక్కువైతే ప్రమాదం కాదూ?"

"పక్కన నేనే కూర్చుంటాను. ఏదన్నా అయితే నన్నడుగు."

అమ్మమ్మ లేచింది. వెనక పొయ్యి మీద గిన్నె పెట్టి వాము వేసి మరిగించింది. ఆ వాసన వార్డులోకి ముందు వచ్చింది, గిన్నె తర్వాత వచ్చింది. విమల నా తల ఎత్తి పట్టుకుంది, పొయ్యడం మాత్రం అమ్మమ్మనే పొయ్యమంది. మొదటి గుక్క సగం నా మెడ మీద పడింది. మింగిన సగం గొంతు కాలుస్తూ దిగింది. అంత రుచి నేను ఇంతవరకు దేంట్లోనూ చూడలేదు. గ్లాసు గ్లాసుకూ అమ్మమ్మ నా ముఖం, కాళ్ళు నొక్కి చూసుకునేది, వాపు వస్తుందేమోనని. విమల కూడా ఆమెతో పాటు నొక్కి చూసేది. "ఏమన్నా వాచిందా మామ్మా?" "ఇంకా లేదు." "అయితే ఇంకో గ్లాసు."

పొద్దు వాలుతుండగా జీపు వచ్చి వార్డు ముందు ఆగింది. డ్రైవరు లోపలికి తొంగి చూసి "ఎవరండీ పేషెంటు?" అని అరిచాడు. అదే సమయానికి నేను అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. బెడ్‌పాన్ పెట్టారు. వచ్చింది. మంటతో, ఎర్రగా, కానీ ఆగకుండా వచ్చింది. విమల డాక్టరన్న సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టింది. "వచ్చిందండీ, వచ్చింది!" అని అమ్మమ్మ జీపు డ్రైవరుకు చెప్పింది. పాపం అతను సిగ్గుతో బయటికి పోయాడు.

పెద్ద డాక్టరమ్మకు విమల అంతా చెప్పడం నా మంచం దగ్గరే జరిగింది. మొదట ఇంగ్లీషులో మొదలై, కోపం వచ్చేసరికి పెద్దామె తెలుగులోకి దిగింది. "రోజూ అడిగాం గదా!"

"అడిగామండీ. నిలబడి అడిగాం. వాళ్ళమ్మమ్మను అడిగాం."

ఆమె ఏమంటుందోనని ప్రభాకర్ వెనక్కి జరిగాడు. పెద్ద డాక్టరమ్మ వార్డంతా ఒకసారి చూసింది. మంచం మంచం దగ్గరికీ పోయి చెంబు ఎత్తి చూసింది. దాదాపు అన్నీ ఎండే ఉన్నాయి. ఆ గదిలో ఆమె ఎన్ని ఏళ్ళు తిరిగిందో, ఎంతమందిని అదే మాట అడిగిందో. తిరిగి వచ్చి, చిన్న డాక్టరు ముందు తలెత్తుకోవడం కష్టమైనా, "రేపటి నుంచి ఎట్టా అడగాలో నువ్వు చెప్పు" అంది విమలతో. చదువుకున్నవాళ్ళలో పెద్దతనం అంటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మర్నాటి నుంచి ఆస్పత్రి వంటింట్లో ఒక పెద్ద గంగాళంలో వాము నీళ్ళు కాగేవి. అన్నాల వేళకు చిన్న డాక్టర్లు ఒక్కొక్కరు ఒక మంచం దగ్గర కింద కూర్చోవాలి. తాగుతోందా అని అడగకూడదు. ఏం తాగావు, ఎప్పుడు తాగావు అని బాలింతనే అడగాలి, ఆమె చేతే గ్లాసు చూపించమనాలి. ప్రభాకర్ గొణిగేవాడు. "అయిదేళ్ళు చదివి హోటల్లో సప్లయరునయ్యాను" అనేవాడు. కేటిల్ పట్టుకొని మంచం మంచానికీ తిరిగేవాడు కాబట్టి ఆడవాళ్ళు అతనికి వాము డాక్టరు అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకు ఆ పేరుకు పలకడం మొదలుపెట్టాడు. వెంకాయమ్మగారు మాత్రం ఆ గంగాళం నీళ్ళు వద్దంది. తన ఇత్తడి చెంబులో తనే కాచుకుంది. ఒక మధ్యాహ్నం ఆమె పొయ్యి ఆరిపోయి, కూతురు దాహమని అడిగింది. ఆమె కాసేపు అటూ ఇటూ చూసి, పీట పక్కకు జరిపి, "అన్నమ్మా, నీ మందు కాస్త ఇటు పొయ్యి" అంది. అమ్మమ్మ పోసింది.

నాకు పాలు పడ్డాయి. పిల్ల మొదటిసారి కడుపు నిండా తాగి, నోరు తెరుచుకొని నిద్రపోయింది. ఒళ్ళు పసుపు విరిగింది. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు, చీరాలలో టీచరు.

ఇప్పుడు ఆస్పత్రులు చాలా మారాయి. మా కోడలి కాన్పుకు గుంటూరులో చల్లని గదిలో ఉన్నాం. మంచం పక్కనే బాటిలు ఉంది, బాలింతకు నీళ్ళు వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. గుంటూరు పోతే తిరిగి రామన్న భయమూ లేదు. ఆ రోజుల కంటే ఈ రోజులే మంచివి, అందులో నాకు అనుమానం లేదు. అయితే ఏ మిషను వచ్చినా ఒక సంగతి మాత్రం మనిషే చెయ్యాలి. కింద కూర్చొని, ఎవరి ఒళ్ళో బాధ ఉందో వాళ్ళనే అడగాలి. అది నేర్పితే వస్తుంది. వయసులో చిన్నవాళ్ళకు త్వరగా వస్తుంది, వాళ్ళ దగ్గర నేర్చుకుంటే పెద్దవాళ్ళకూ వస్తుంది. అది నేను కళ్ళారా చూశాను.

డెబ్బైకి దగ్గరైన అమ్మమ్మకు కూడా వచ్చింది. మేం ఇంటికి బయలుదేరే రోజున మూట కట్టుకుంటున్నాం. ఎదురు మంచం మీదకు కొత్తగా ఒక బాలింత వచ్చింది, పక్కన అత్తగారు. పెద్ద డాక్టరమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకొని, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ గచ్చు మీద కూర్చుంది. "ఇవాళ ఏమేం తాగావమ్మా?" అని ఆ పిల్లను అడిగింది. పిల్ల భయంగా అత్త ముఖం చూసింది. అత్త చేతులు కట్టుకొని, "చెంబులకు చెంబులు తాగిందండీ..." అని అందుకుంది.

అమ్మమ్మ మూట వదిలేసి గిర్రున తిరిగింది.

"నిన్ను కాదమ్మే అడిగింది. ఆ పిల్లను చెప్పనియ్యి."